గాలికి ఎదురు వేసిన దారి: వయోమింగ్‌లో ఇంటర్‌స్టేట్ 80

రహదారి ఏ ఊళ్ళ మీదుగా, ఏ కనుమల గుండా పోవాలన్నది ఇంజనీర్ల కార్యాలయంలో తేలే విషయంగా పైకి కనిపిస్తుంది గానీ, పటం మీద గీత గీసేది ఇంజనీరే అయినా ఆ గీతను అటో ఇటో వంచేవి మాత్రం నేల వాలు, నీటి జాడ, గాలి వాటం, అంతకు ముందు ఆ నేల మీద నడిచినవాళ్ళ అనుభవం. ఈ నాలుగింటి మాట విన్న చోట దారి ఎట్లా సాఫీగా సాగిందో, వినని ఒక్క చోట ఆ దారి యాభై ఏళ్ళకు పైగా ఎంత మూల్యం చెల్లిస్తూ వచ్చిందో, రెండూ పక్కపక్కనే కనిపించే రహదారి అమెరికా పశ్చిమ రాష్ట్రమైన వయోమింగ్‌లో ఉంది. దాని పేరు ఇంటర్‌స్టేట్ 80.

ఇంటర్‌స్టేట్ అంటే అమెరికాలో ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి, దారిలో ఎక్కడా అడ్డరోడ్లు గానీ సిగ్నళ్ళు గానీ లేకుండా, రాకకూ పోకకూ వేరువేరు రోడ్లతో వేసిన రహదారి. 1956 జూన్‌లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకంతో వచ్చిన చట్టం ఈ రహదారులకు పునాది వేసి, ఖర్చులో నూటికి 90 వంతులు కేంద్ర ప్రభుత్వమే భరించేటట్టు ఏర్పాటు చేసింది. వీటిలో తూర్పు పడమరలుగా సాగే దారులకు సరిసంఖ్యలు, ఉత్తర దక్షిణాలుగా సాగే దారులకు బేసిసంఖ్యలు ఇచ్చారు. ఆ లెక్కన 80వ నంబరు రహదారి తూర్పున న్యూజెర్సీలో మొదలై పడమట శాన్‌ఫ్రాన్సిస్కో దాకా సుమారు 4,660 కిలోమీటర్లు సాగుతుంది. దాని రెండు కొసల దగ్గరా, అంటే న్యూజెర్సీలోనూ శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కలా, తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. ఉద్యోగం మారి ఒక కొస నుంచి మరో కొసకు సామానుతో కారులో బయలుదేరేవాళ్ళకు మధ్యలో వచ్చే, చెట్టూ చేమా కనిపించని సుమారు 650 కిలోమీటర్ల నేలే వయోమింగ్.

ఆ రాష్ట్ర వైశాల్యం సుమారు 2,53,000 చదరపు కిలోమీటర్లు, అంటే ఒకప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కంటే కొంచెం తక్కువ. జనాభా మాత్రం 2020 లెక్కల ప్రకారం 5,76,851, అంటే ఒక్క వరంగల్ నగరంలో ఉండేవారి కన్నా తక్కువ. అమెరికా రాష్ట్రాలన్నింటిలోనూ ఇంతకంటే తక్కువ జనం ఉన్న రాష్ట్రం లేదు. పశువుల మేత, బొగ్గు, సహజవాయువు, చమురు, గాలిమరలు అక్కడి జీవనాధారాలు. ఇంత తక్కువ మంది ఉన్న చోట అంత పెద్ద రహదారి ఎందుకంటే, అది ఆ రాష్ట్రపు అవసరం కన్నా తూర్పు, పడమటి తీరాల మధ్య సరుకు రవాణా అవసరం కోసం వేసినది కావడమే కారణం. ఆ దారిన పోయే వాహనాల్లో దాదాపు సగం పెద్ద లారీలు. వాటిలో అధికభాగం వయోమింగ్‌లో సరుకు ఎక్కించవు, దించవు, దాటిపోతాయంతే. దారిని శుభ్రంగా, నడవదగినదిగా ఉంచే భారం మాత్రం ఆ కొద్దిమంది జనం ఉన్న రాష్ట్రం మీదే పడుతుంది. అక్కడ టోలు వసూలు చేయాలన్న ప్రతిపాదన శాసనసభ దాకా పలుమార్లు వచ్చి ఆగిపోయింది.

ఈ దారి వెనుక ఉన్న పాత దారులను చూడకుండా దీని మార్గం అర్థం కాదు. 1840ల నుంచి ఒరెగాన్‌కూ కాలిఫోర్నియాకూ బండ్లు కట్టుకుని వలస వెళ్ళిన లక్షలాది జనం నడిచింది ఇక్కడ కాదు, దీనికి బాగా ఉత్తరాన సౌత్ పాస్ అనే కనుమ గుండా. ఎద్దుల బండికి కావలసినవి పచ్చగడ్డి, తాగునీరు కాబట్టి ఆ జనం నార్త్ ప్లాట్, స్వీట్‌వాటర్ నదుల ఒడ్లు పట్టుకుని పోయారు. 1862లో బెన్ హాలడే అనే వ్యాపారి తన తపాలా బండ్లను ఆ ఉత్తరపు దారి నుంచి తప్పించి దక్షిణాన ఓవర్‌లాండ్ బాట అనే దారికి మళ్ళించాడు. ఉత్తరాన స్థానిక జాతులతో ఘర్షణలు పెరగడం, దక్షిణాన డెన్వర్ పట్టణం ఎదగడం దీనికి కారణాలు. ఘర్షణలు అన్న ఒక్క మాటతో దాటవేయరాని సంగతి ఒకటి ఇక్కడ ఉంది: అప్పటికి ఆ నేల షయాన్, అరాపహో, షోషోనీ, యూట్ జాతుల వేటనేల, బాట ఎక్కడ మారినా అది వాళ్ళ నేల మీదుగానే మారింది.

రైలు వచ్చాక లెక్క మారిపోయింది. ఆవిరి యంత్రానికి గడ్డితో పని లేదు, నీళ్ళతో పాటు బొగ్గు కావాలి, అన్నిటికన్నా ముఖ్యంగా మెత్తని వాలు కావాలి. ఖండాన్ని దాటే రైలుమార్గానికి ఆనాటి చట్టం మైలుకు 116 అడుగులకు మించి ఎత్తు పెరగరాదని హద్దు పెట్టింది. తూర్పున ఉన్న విశాల మైదానం నుంచి లారమీ పర్వతశ్రేణి ఒక్కసారిగా గోడలా లేస్తుంది కనుక, ఆ హద్దుకు లోబడి దాన్ని ఎక్కే చోటు దొరకడం సర్వేయర్లకు పెద్ద సమస్య అయింది. 1865లో జనరల్ గ్రెన్‌విల్ డాడ్జ్ ఆ శ్రేణి మీద నుంచి దిగుతూ, మైదానం దాకా ఎక్కడా తెగకుండా వాలుగా దిగివచ్చే ఒక సన్నని నేలపట్టీని గమనించాడు. తరువాత ఆయనే యూనియన్ పసిఫిక్ రైల్వే కంపెనీకి చీఫ్ ఇంజనీరై, ఆ పట్టీ మీదుగానే పట్టాలు వేయించాడు. భూగర్భ శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు గ్యాంగ్‌ప్లాంక్. ఒడ్డు నుంచి పడవలోకి ఎక్కడానికి వేసే పలకబల్ల అని ఆ మాటకు అర్థం.

ఈ పలకబల్ల పుట్టుక తెలుసుకోదగినది. కోట్ల ఏళ్ళ పాటు రాకీ పర్వతాల నుంచి వాగులు మోసుకొచ్చిన ఇసుక, గులకరాళ్ళు, ఒండ్రు కొండల పాదాల దగ్గర మేట వేస్తూ వేస్తూ, చివరకు ఆ కొండల భుజాల దాకా పూడ్చివేశాయి. అంటే ఒకానొక కాలంలో మైదానం నుంచి నడుస్తూ పోతే కొండ ఎక్కుతున్నట్టు తెలియకుండానే శిఖరప్రాంతానికి చేరగలిగేటంత ఎత్తున నేల ఉండేది. తరువాతి కాలంలో నదులు తామే పేర్చిన మేటను తామే కోసుకుపోవడం మొదలుపెట్టాయి. ఉత్తరాన, దక్షిణాన కొండ పాదాల దగ్గర మట్టి అంతా కొట్టుకుపోయి లోతైన పల్లాలు పడ్డాయి. రెండు వైపులా కోత పడుతూ ఉన్నా మధ్యలో ఒక్క పట్టీ మాత్రం ఏ నదీ తాకకుండా మిగిలింది. షయాన్ నగరం నుంచి పడమరగా వెళ్ళేవారికి ఈనాడు కూడా ఆ పట్టీ కళ్ళకు కడుతుంది: రోడ్డుకు ఒక పక్కన రైలు పట్టాలు దగ్గరగా సాగుతాయి, రెండింటికీ అటూ ఇటూ నేల కిందికి జారిపోతుంది, కాస్త ముందు గులాబీరంగు గ్రానైటు గుండ్లు లేస్తాయి, ఒండ్రు నేల అయిపోయి రాతినేల మొదలయ్యే చోటు అదే. రైలుకు దారి ఇచ్చిన ఆ పట్టీయే వందేళ్ళ తరువాత ఇంటర్‌స్టేట్‌కూ దారి ఇచ్చింది, ఎందుకంటే ఆ పరిసరాల్లో మరో పట్టీ లేదు.

గ్యాంగ్‌ప్లాంక్ దాటాక దారి షెర్మన్ శిఖరప్రాంతానికి చేరుతుంది. సముద్రమట్టానికి 8,640 అడుగుల ఎత్తున ఉన్న ఆ చోటు, న్యూజెర్సీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా ఈ రహదారి మొత్తం మీద అన్నిటికన్నా ఎత్తయిన బిందువు. అక్కడ శిల్పి రాబర్ట్ రసిన్ చేసిన అబ్రహాం లింకన్ కంచు తల ఒకటి ఎత్తయిన గ్రానైటు దిమ్మె మీద నిలబడి ఉంటుంది. 1959లో దాన్ని పాత రహదారి శిఖరం మీద ప్రతిష్ఠించి, కొత్త రహదారి వచ్చాక 1969లో ఇక్కడికి మార్చారు. లింకన్ పేరు అక్కడ ఉండటానికి కారణం, 1913లో తీరం నుంచి తీరానికి తొలిసారిగా గుర్తించిన మోటారు దారికి లింకన్ హైవే అని పేరు పెట్టడం. ఆ హైవే వయోమింగ్‌లో చాలా చోట్ల రైల్వే వదిలేసిన పాత కట్టల మీదుగానే నడిచింది.

లింకన్ విగ్రహం కన్నా చిన్నదీ, పాతదీ అయిన మరో గుర్తు అక్కడికి కొద్ది దూరంలో, రాకపోకల రెండు రోడ్ల మధ్య జాగాలో ఉంది. పెద్ద గ్రానైటు గుండు నిలువునా బీట ఇచ్చిన చోట, మట్టి ఉందో లేదో తెలియని ఆ సందులోంచి ఒక పైన్ చెట్టు మెలికలు తిరిగి పైకి వచ్చింది. దాని కొమ్మలన్నీ గాలి తోసిన వైపే వాలి ఉంటాయి. 1860లలో రైలు పట్టాలు వేసేవాళ్ళు ఆ చెట్టును కొట్టకుండా దారిని కొంచెం పక్కకు జరిపారనీ, రైలు నడిపేవాళ్ళు ఆగి బకెట్లతో నీళ్ళు పోసేవారనీ అక్కడ చెప్పుకుంటారు. రైలుమార్గం వేరే చోటికి జరిగాక ఆ కట్ట లింకన్ హైవే అయింది, దాని తరువాత ఇంటర్‌స్టేట్ వచ్చింది. మూడు తరాల దారులూ ఆ చెట్టును చుట్టుకునే పోయాయి. ఇప్పుడు దాని చుట్టూ ఇనుప గొలుసుల కంచె ఉంది.

శిఖరం నుంచి లారమీ పట్టణానికి దిగే లోయలో పదిహేను, పదహారు కిలోమీటర్ల లోపే దాదాపు 1,500 అడుగులు దిగాలి. బరువెక్కిన లారీల బ్రేకులకు అది పరీక్ష. అయినా ఇక్కడి దాకా రహదారి నేలను విన్నది, నేల చెప్పినట్టు నడిచింది. అసలు చిక్కు లారమీ దాటిన తరువాతే వస్తుంది.

లారమీ నుంచి వాల్‌కాట్ జంక్షన్ అనే చోటుకు పోవడానికి రైల్వే సర్వేయర్లు 1860లలో ఎన్నుకున్న మార్గం ఉత్తరానికి పెద్ద వంపు తిరిగి, రాక్ రివర్, మెడిసిన్ బో అనే చోట్ల మీదుగా, బొగ్గు గనుల పక్క నుంచి పోయింది. లింకన్ హైవే, 1926లో దానికి వచ్చిన యు.ఎస్. 30 అనే నంబరు దారి కూడా ఆ వంపునే అనుసరించాయి. ఆ వంపు ఎందుకు తిరిగిందో పటం చూస్తే బోధపడుతుంది. సూటిగా పోతే మెడిసిన్ బో పర్వతశ్రేణి ఉత్తరపు కొసన, 11,156 అడుగుల ఎత్తున ఒంటరిగా నిలబడిన ఎల్క్ మౌంటెన్ అనే కొండ పాదాన్ని ఒరుసుకుంటూ పోవాలి. పడమటి నుంచి వందల కిలోమీటర్ల మేర అడ్డులేకుండా వీచే గాలి ఆ కొండను తాకి, దాని పక్క సందులోంచి ఇరుక్కుని బయటపడుతూ వేగం పుంజుకుంటుంది. హాలడే తపాలా బండ్లు కొన్నేళ్ళు ఆ కొండ పాదాన నడిచిన మాట నిజమే. అక్కడ 1862లో కట్టిన సైనిక కోటను నాలుగేళ్ళకే విడిచిపెట్టారు. రైల్వే మాత్రం దూరమైనా ఉత్తరానికే తిరిగింది.

1950ల చివర ఇంటర్‌స్టేట్ మార్గం ఖరారు చేసే దగ్గర కేంద్ర ప్రభుత్వపు రహదారుల సంస్థ సూటి మార్గానికే పట్టుబట్టింది. పాత వంపుతో పోలిస్తే కొండ పాదం మీదుగా పోతే 19 మైళ్ళు, అంటే సుమారు 30 కిలోమీటర్లు ఆదా అవుతుంది. ప్రతి వాహనానికీ అంత దూరం తగ్గితే ఏళ్ళ తరబడి మిగిలే ఇంధనం, సమయం ఎంతో లెక్కగట్టి చూస్తే ఆ వాదన బలంగానే కనిపించింది. ఆ నేల మీద పశువులను మేపుకుంటూ చలికాలాలు గడిపిన స్థానికులు మాత్రం అక్కడి గాలి సంగతి, మంచు సంగతి చెప్పి, అటు పోవద్దని హెచ్చరించారు. పాత దారి మీది ఊళ్ళవాళ్ళు తమ బతుకు పోతుందని మొర పెట్టుకున్నారు. రెండు మాటలూ చెల్లలేదు. లెక్కలో దూరం ఉంది గానీ, ఆ దారి ఎన్ని రోజులు మూతపడుతుందో లేదు. దాన్ని అంచనా వేయగల జ్ఞానం ఆ రోజుల్లో పుస్తకాల్లో లేకపోయినా, పశువుల కాపరుల నోట ఉంది. దాన్ని జ్ఞానంగా ఎంచకపోవడమే ఈ మార్గనిర్ణయంలో జరిగిన అసలు తప్పు.

1970 అక్టోబరు 3న లారమీ, వాల్‌కాట్ జంక్షన్‌ల మధ్య సుమారు 120 కిలోమీటర్ల కొత్త రహదారిని తెరిచారు. తెరిచిన కొద్ది రోజులకే తొలి మంచుతుఫాను వచ్చిపడింది. ఆ చలికాలమంతా దారి మూయడం, తెరవడం, మళ్ళీ మూయడంతోనే సరిపోయింది. వియత్నాం యుద్ధం నడుస్తున్న కాలం కావడంతో, హోచిమిన్ బాట అనే యుద్ధమార్గం పేరులోని మొదటి మాట తీసేసి ఆ చోట మంచుకు ఇంగ్లీషులో వాడే మాట చేర్చి, ఈ దారిని స్నో చి మిన్ బాట అని జనం పిలవసాగారు. ఆ పేరు ఈనాటికీ వాడుకలో ఉంది.

ఇక్కడి చిక్కు ఆకాశం నుంచి పడే మంచుతో కాదన్నది గమనించవలసిన విషయం. వయోమింగ్ పొడినేల, ఆ మైదానాల్లో కురిసే మంచు నిజానికి మరీ ఎక్కువేమీ కాదు. కురిసిన మంచు నేల మీద పడి ఉండకుండా, పొడి ఇసుకలా గాలికి లేచి, నేలబారున కొట్టుకుపోతూ ఉంటుంది. ఎక్కడ గాలి వేగం తగ్గితే అక్కడ అది రాలి మేట వేస్తుంది. ఎడారిలో ఇసుక మేట వేసినట్టే ఇక్కడ మంచు మేట వేస్తుందన్న మాట. గుట్టను కోసి వేసిన రోడ్డు పల్లంగా ఉంటుంది కనుక మేట వేయడానికి అనువైన చోటు అదే అవుతుంది. మేట పడని చోట కూడా, మనిషి నడుము ఎత్తున తెల్లటి తెర కదులుతూ ఉండటం వల్ల డ్రైవరుకు ముందున్న వాహనం కనిపించదు. తల పైన నీలాకాశం, ఎండ ఉన్నా కింద దారి కనిపించని వింత పరిస్థితి అది. రోడ్డుకు తగిలిన మంచు కరిగి, వెంటనే గడ్డకట్టి, నున్నని మంచుపలకగా మారుతుంది. దాని మీద పక్క గాలి కొట్టిందంటే సరుకు లేని ఖాళీ ట్రైలర్ లారీ పక్కకు ఒరిగి పడిపోతుంది. అందుకే అక్కడ తరచూ ఎత్తు ఎక్కువ, బరువు తక్కువ ఉన్న వాహనాల వరకు ప్రత్యేకంగా దారి మూస్తారు.

ఈ చిక్కుకు విరుగుడు వెదికినవారిలో ముఖ్యుడు రొనాల్డ్ టేబ్లర్. అమెరికా అటవీశాఖ పరిశోధనా కేంద్రంలో పనిచేసిన ఆయన మొదట రహదారుల కోసం ఈ పని మొదలుపెట్టలేదు. గాలికి కొట్టుకుపోయే మంచు దారిలోనే ఆవిరైపోవడం వల్ల పొడినేలకు దక్కవలసిన నీరు ఎంత పోతున్నదన్నది ఆయన ఆసక్తి. మంచు నీరుగా కరగకుండా గడ్డ రూపం నుంచి నేరుగా ఆవిరి కావడాన్ని విజ్ఞానశాస్త్రంలో ఉత్పతనం అంటారు. ఎగిరే మంచు రేణువు సగటున సుమారు మూడు కిలోమీటర్లు పోయేసరికి ఈ విధంగా ఆవిరైపోతుందని ఆయన లెక్కగట్టాడు. ఆ జ్ఞానమే రహదారి శాఖకు అక్కరకు వచ్చింది. రోడ్డుకు ఎగువన, గాలి వచ్చే వైపు కంచె వేసి మంచును ముందే దించేస్తే గాలి ఖాళీ చేతులతో రోడ్డు దాటుతుందన్నది దాని సారం. 1971 నుంచి ఆ కంచెలు లేవడం మొదలుపెట్టాయి.

దగ్గరికి పోయి చూస్తే ఆ కంచె పొలం గట్టు మీది కంచెలా ఉండదు. ఇద్దరు మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడ్డా పైఅంచు అందనంత ఎత్తు, అంటే పన్నెండు అడుగులకు పైగా ఉండే చెక్క చట్రం అది; గాలికి కొంచెం వెనక్కి వాలినట్టు నిలబెట్టి, వెనుక నుంచి ఏటవాలు దూలాలతో ఊతం ఇస్తారు. పలకలను అడ్డంగా కొడతారు, పలకకూ పలకకూ మధ్య ఇంచుమించు పలక వెడల్పంత సందు వదులుతారు. అట్టడుగున కూడా నేలకు తగలకుండా జానెడు, మూరెడు ఖాళీ ఉంటుంది. గోడలా మూసి కడితే మంచు ఇంకా బాగా ఆగుతుందని తోచడం సహజం గానీ, గోడ వెనుక గాలి సుడులు తిరిగి మేట పొట్టిగా, తక్కువగా పడుతుంది. సగం తెరిపిగా ఉంటే గాలి మెత్తబడి దాటుతూ, మోస్తున్న మంచును వెనుక బారుగా రాల్చిపోతుంది. అడుగున సందు వదలకపోతే కంచె తానే మంచులో పూడిపోయి పనికిరాకుండా పోతుంది. మేట నిండుగా పడినప్పుడు దాని పొడవు కంచె ఎత్తుకు సుమారు 35 రెట్లు ఉంటుంది; అందుకని రోడ్డుకు కనీసం అంత దూరాన కంచె వేయాలి, లేదంటే మేట రోడ్డు మీదికే వస్తుంది. ఒక్క వరస చాలని చోట రెండో వరస, మూడో వరస వేశారు. వేసవిలో ఆ దారిన పోయే కొత్తవాళ్ళకు ఎటు చూసినా మనిషి జాడ లేని గడ్డినేలలో, దేనికీ అడ్డం కాకుండా, ముక్కలు ముక్కలుగా నిలబడిన ఆ చెక్క చట్రాలు ఎందుకున్నాయో అర్థం కాదు.

కంచెలు వేసిన తరువాత ప్రమాదాలూ, మంచు తోసే ఖర్చూ తగ్గిన మాట వాస్తవమే గానీ, దారి మూయవలసిన రోజులు పోలేదు. లారమీలోనూ రాలిన్స్‌లోనూ రైల్వే గేట్ల వంటి గేట్లు రహదారికి అడ్డంగా దిగుతాయి. వందల లారీలు ఆ రెండు చిన్న పట్టణాల్లో ఎక్కడ చోటు దొరికితే అక్కడ ఆగిపోతాయి. 2009 నుంచి ఎల్క్ మౌంటెన్ ప్రాంతంలో వాతావరణాన్ని బట్టి వేగ పరిమితిని మార్చే ఎలక్ట్రానిక్ బోర్డులు కూడా పెట్టారు. ఇన్ని ఉపాయాలూ ఆ 19 మైళ్ళ ఆదా వెనుక దాగిన ఖర్చులే.

వంపు మీద మిగిలిపోయిన ఊళ్ళ సంగతి వేరు. ఓవెన్ విస్టర్ 1902లో రాసిన ది వర్జీనియన్ నవలకు రంగస్థలంగా దేశమంతా పేరు మోగిన మెడిసిన్ బోలో 1911లో తెరిచిన వర్జీనియన్ హోటల్ ఇప్పటికీ నిలబడే ఉంది. కొత్త రహదారి తెరిచిన రోజు నుంచి లారీలు అటు పోవడం మానేశాయి. పెట్రోలు బంకులు, భోజనశాలలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇప్పుడు అక్కడి జనాభా మూడు వందలకు లోపే. బాస్లర్ అనే ఊరైతే శిథిలాల వరసగా మిగిలింది. ఊళ్ళను విడిచి కొండ పక్కకు వెళ్ళిన రహదారిని వేధించే ఆ గాలినే నమ్ముకుని 1982లో మెడిసిన్ బో దగ్గర ఆనాటికి ప్రపంచంలోని అతిపెద్ద గాలిమరల్లో కొన్నింటిని నాసా సాయంతో నిలబెట్టారు.

వాల్‌కాట్ జంక్షన్ దగ్గర కొత్త దారి మళ్ళీ పాత దారినీ, రైలునూ కలుసుకుంటుంది. రాలిన్స్ దాటాక ఎర్ర ఎడారి అని పిలిచే విశాలమైన బంజరులోకి ప్రవేశిస్తుంది. ఇక్కడ భూగోళ శాస్త్రపు విశేషం ఒకటి ఉంది. కురిసిన నీటిని ఒక పక్క అట్లాంటిక్ వైపుకూ మరో పక్క పసిఫిక్ వైపుకూ పంపే ఎత్తయిన గట్టును ఖండపు జలవిభాజకం అంటారు. ఆ గట్టు ఉత్తర అమెరికా పొడవునా ఒకే రేఖగా సాగుతూ వచ్చి, వయోమింగ్‌లో రెండుగా చీలి, ఒక పెద్ద పళ్ళెం వంటి పల్లాన్ని చుట్టి మళ్ళీ ఒకటవుతుంది. ఆ పల్లంలో పడిన నీరు ఏ సముద్రానికీ పోదు, అక్కడే ఇంకుతుంది లేదా ఆవిరవుతుంది. అందువల్ల ఇంటర్‌స్టేట్ 80 మీద పడమరకు పోయేవారు ఖండపు జలవిభాజకాన్ని ఒకసారి కాదు, రెండుసార్లు దాటుతారు. అంత గొప్ప గట్టు దాటుతున్నట్టు బోర్డు చెబితే తప్ప తెలియదు. నేల అంత చదునుగా ఉంటుంది.

ఈ నేల చదునైనదే గానీ హక్కులు మాత్రం గళ్ళు గళ్ళుగా చీలి ఉన్నాయి. రైలు వేసినందుకు ప్రతిఫలంగా 1862, 1864 చట్టాలు యూనియన్ పసిఫిక్‌కు పట్టాలకు ఇరువైపులా 20 మైళ్ళ మేర, ఒక చదరపు మైలు విడిచి ఒక చదరపు మైలు చొప్పున భూమి ఇచ్చాయి; విడిచిన గళ్ళు ప్రభుత్వానివి. పటంలో అది చదరంగపు బల్లలా కనిపిస్తుంది. ప్రభుత్వపు గడి నుంచి మూలగా ఉన్న మరో ప్రభుత్వపు గడికి పోవాలంటే పాదం నేలకు తగిలేది ప్రభుత్వ భూమి మీదే అయినా, ఆ మూల దగ్గర దేహం ఒక క్షణం ప్రైవేటు భూమి పైన గాలిలో దాటుతుంది. అది అతిక్రమణ అవుతుందా అన్న తగవు ఎల్క్ మౌంటెన్ దగ్గరే, నలుగురు వేటగాళ్ళ మీద పెట్టిన కేసుగా మొదలై, 2025 మార్చిలో అప్పీలు కోర్టులో వేటగాళ్ళ పక్షాన తేలింది. నూట అరవై ఏళ్ళ నాటి రైలుమార్గపు నీడ ఇప్పటికీ ఆ నేల మీద ఇంత స్పష్టంగా పడి ఉంది.

అడ్డం మనుషులకే కాదు. ప్రాంగ్‌హార్న్ అనే జింక వంటి జంతువు అమెరికా నేల మీద అన్నిటికన్నా వేగంగా పరుగెత్తుతుంది గానీ కంచె దూకడానికి ఇష్టపడదు, కింద సందు ఉంటే దూరి పోతుంది. చలికాలపు మేతకు ఉత్తర దక్షిణాలుగా తిరిగే ఆ మందలకు ఇరుపక్కలా కంచె వేసిన ఈ రహదారి దాదాపు దాటలేని గోడ. మార్గం ఖరారు చేసిన రోజుల్లో ఆ మందల దారులు ఎవరి లెక్కలోకీ రాలేదు.

బొగ్గు కోసమే పుట్టిన రాక్ స్ప్రింగ్స్ పట్టణం తరువాత వస్తుంది. 1885 సెప్టెంబరు 2న ఆ గనుల్లో పనిచేసే చైనా కార్మికుల మీద తోటి కార్మికులు విరుచుకుపడి కనీసం 28 మందిని చంపి, వాళ్ళ ఇళ్ళు తగలబెట్టారు. రైలు దారి తెచ్చిన సంపద గురించి చెప్పేటప్పుడు ఆ రోజును చెప్పకుండా ఉండరాదు. అక్కడికి కొద్ది దూరంలో గ్రీన్ రివర్ పట్టణం దగ్గర నది, రైలు, ఊరు, నిలువుకొండ నాలుగూ ఒకే ఇరుకులో చేరడంతో రహదారికి చోటు చాలక, కొండ తొలిచి 1966లో జంట సొరంగాలు తెరిచారు. 2025 ఫిబ్రవరి 14న పడమటి దిక్కు సొరంగంలో 26 వాహనాలు ఢీకొని మంటలు లేచి ముగ్గురు చనిపోయారు. ఆ తరువాత ఇంటర్‌స్టేట్ మీది లారీలను ఊరి వీధుల గుండా మళ్ళించవలసి వచ్చింది. అక్కడి నుంచి ఎవాన్‌స్టన్ దాకా, త్రీ సిస్టర్స్ అని పిలిచే మూడు నిటారు గుట్టలు ఎక్కి దిగి దారి యూటా రాష్ట్రంలోకి పోతుంది.

లారమీకి పడమట ఉన్న ఆర్లింగ్టన్ దగ్గర చలికాలం ముగిసి దారి నల్లగా ఆరిపోయిన తరువాత కూడా కంచెల వెనుక మేటలు తెల్లగా మిగిలి ఉంటాయి. మైదానమంతా గడ్డి పచ్చబడినా అవి అంచుల నుంచి మెల్లగా కరుగుతూ, సన్నని కాలువలుగా పల్లానికి దిగుతాయి. గాలి ఎత్తుకుపోవలసిన ఆ నీటిని పశువుల కుంటలకు మళ్ళించవచ్చని టేబ్లర్ మొదటి నుంచీ చెబుతూ వచ్చాడు. రోడ్డు కోసం వేసిన కంచె నీడలో చేరిన ఆ తడి దగ్గరికి, ఆ దారిని అటు వేయవద్దని ఒకప్పుడు చెప్పినవాళ్ళ ఆవుల మందలు నీళ్ళకు వస్తాయి.